నాన్నకు మాట పడిపోయింది. పెళ్లికి తీసుకెళ్లాలా, వద్దా?

కండక్టరు గారి అమ్మాయి (తిరుపతి)
ఆగస్టు 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కొర్లగుంట. నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరు. ఎక్కువ కాలం తిరుపతి-చిత్తూరు రూట్లోనే చేశారు. పోయిన డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున బాత్రూంలో పడిపోయారు. మెదడులో ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. కాలు చాలావరకు తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తారు. చెయ్యి సగం వచ్చింది. మాట దగ్గరే ఆగిపోయాం.

ఇప్పుడు ఆయన నోట్లోంచి వచ్చేవి నాలుగే. "ఆ", "కాదు", "అదే అదే", ఇంకొకటి ఒక బూతు మాట. ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి ఆయన నోట వినలేదు. మంచినీళ్లు కావాలన్నా "అదే అదే", టీవీ ఆపమన్నా "అదే అదే". మనం చెప్పేది మాత్రం చాలావరకు అర్థమవుతుంది. అమ్మ పప్పులో ఉప్పు మర్చిపోయిందని నేను చెల్లితో గుసగుసలాడితే ఆయన పక్క గదిలోంచి నవ్వుతారు.

ఇదివరకు రోజూ సాయంత్రం కపిలతీర్థం గుడి ముందు ఐదుగురు స్నేహితులు కూర్చునేవాళ్లు. మొదటి నెల అందరూ వచ్చి చూశారు. పండ్లు, హార్లిక్స్ తెచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ చెవుడు ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అరిచి, తర్వాత అమ్మ వైపు తిరిగి "తింటున్నాడా? నిద్ర పడుతోందా?" అని అడిగారు. నాన్న అక్కడే కూర్చుని ఉన్నారు. రెండో నెల ఇద్దరే వచ్చారు. ఉగాది తర్వాత ఎవరూ రాలేదు.

ఈ నెల 24న చంద్రగిరిలో మా మేనమామ కూతురి పెళ్లి. అమ్మ వద్దంటోంది. "నలుగురిలో ఆ మాట వచ్చేస్తే ఆయన పరువు ఏం కావాలి?" అని ఏడుస్తోంది. నాన్నను అడిగితే "కాదు" అన్నారు. కానీ శుభలేఖ వచ్చిన రోజు నుంచి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు. ఇలాంటిది ఇంట్లో చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాకాల రైతు
ఆగస్టు 2, రాత్రి 10:15

చదివితే కష్టంగా ఉందమ్మా. నా మాట వింటే తీసుకెళ్లొద్దు. ఆరు నెలలు దాటితే పోయిన మాట ఇంక రాదంటారు. ఆయన్ని ఇంట్లోనే ప్రశాంతంగా ఉండనీ. మా ఊర్లో ఒకాయనకు వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుక మీద రాశారు, కొంచెం మాట తిరిగిందని చెప్పుకుంటారు. పసిపిల్లలకు రాస్తాం కదా, అట్లే. ఒకసారి చూడండి.

మాటల టీచరు (చిత్తూరు)
ఆగస్టు 3, ఉదయం 6:50

నేను స్పీచ్ థెరపిస్టుని. పాకాల అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఇది నాలుక జబ్బు కాదు. ఈ స్థితిని అఫేసియా అంటారు. చాలామందిలో భాషను నడిపేది మెదడులో ఎడమ భాగం. అక్కడ దెబ్బ తగిలితే మాట వెతుక్కోవడం, కూర్చుకోవడం, కొందరికి అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం కూడా చెడిపోతాయి. నాలుక, పెదవులు బాగానే ఉన్నా మాట రాదు. స్ట్రోక్ (పక్షవాతం) వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందిలో ఇది కనిపిస్తుంది. పైగా కొందరికి మింగడం కూడా కష్టమవుతుంది. డాక్టరు చూడకుండా నోట్లో పసరు, తేనె లాంటివి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. దయచేసి వస జోలికి వెళ్లకండి.

ఆరు నెలల మాట కూడా సగమే నిజం. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కానీ ఆగిపోదు. ఏళ్ల తర్వాత కూడా కొత్త మాటలు తెచ్చుకున్నవాళ్లను నేనే చూశాను.

అమ్మాయ్, మీ నాన్నగారి "అదే అదే" విషయం చెప్తాను. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. ఏం అడిగినా ఆయన "టాన్, టాన్" అనే అనేవాడు. చెప్పింది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. ఆయన చనిపోయాక బ్రోకా మెదడు తెరిచి చూస్తే ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. అఫేసియా చదువు అంతా అక్కడి నుంచే మొదలైంది. మీ నాన్నగారిదీ ఆ కోవకు చెందినదే అనిపిస్తోంది, చూడకుండా ఖాయంగా చెప్పలేను.

బూతు మాట గురించి అమ్మగారికి ఇలా చెప్పండి. మనం ఆలోచించి కూర్చే మాటలు వేరు, అలవాటుగా వాటంతట అవి దొర్లే మాటలు వేరు. తిట్లు, దేవుడి పేర్లు, ఒకట్లు, వారాల పేర్లు, పాటలు రెండో రకం. ఆలోచించే మాట పోయినా ఇవి మిగులుతాయి. ఆయన తిట్టాలనుకుని తిట్టడం లేదు. ఆ మాట తప్ప ఇంకోటి అందలేదు, అంతే.

ఇవాళ ఒక పని చేయండి. ఆయన ఎదురుగా కూర్చుని "ఒకటి, రెండు..." అని మొదలుపెట్టి ఆగండి. తర్వాత ఆయన రోజూ పిలిచిన స్టాపులు మొదలుపెట్టండి. ఏమైందో ఇక్కడ రాయండి.

నగరి కోడలు
ఆగస్టు 3, ఉదయం 11:20

మా అత్తకు మూడేళ్ల కింద వచ్చింది. ఆమె పుట్టిల్లు తిరుత్తణి. పెళ్లయి వచ్చాక నలభై ఏళ్లు తెలుగే మాట్లాడింది. స్ట్రోక్ తర్వాత మొదట వచ్చిన మాట తమిళం! "తణ్ణి" అంటే నీళ్లని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. మా తోడికోడలు కడప అమ్మాయి, ఆమెకు ఏమీ తెలిసేది కాదు. అత్త పిచ్చిగా మాట్లాడుతోందని భయపడి గదిలోకే పోయేది కాదు. పక్కింట్లో తమిళం మాట్లాడే ముసలామె ఉంది. ఆమె వచ్చి కూర్చున్నాక గానీ అత్త ముఖంలో కళ రాలేదు. తెలుగు మెల్లగా ఏడాదికి వచ్చింది. మన చిత్తూరు వైపు ప్రతి ఇంట్లో రెండు భాషలు ఉంటాయి కదా, మీ నాన్నకు వేరే భాష వస్తే అది కూడా ప్రయత్నించండి అక్కా.

మాటల టీచరు (చిత్తూరు)
ఆగస్టు 3, మధ్యాహ్నం 1:05

ఇది చాలా ముఖ్యమైన మాట. రెండు భాషలూ కలిసి తిరిగి రావడమే ఎక్కువగా చూస్తాం, కానీ ఒకటి ముందు, ఒకటి వెనక రావడం కూడా ఉంటుంది. ఏ థెరపిస్టు దగ్గరికి వెళ్లినా ఇంట్లో మాట్లాడే భాషలన్నీ ముందే చెప్పండి.

కండక్టరు గారి అమ్మాయి (తిరుపతి)
ఆగస్టు 3, రాత్రి 8:30

మేడం, చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే. ఒకట్లు మూడు దాకా నేను చెప్పి ఆగాను. ఆయన "నాలుగు, ఐదు, ఆరు" అంటూ పది దాకా వెళ్లిపోయారు. అమ్మ వంటింట్లోంచి గరిటతోనే పరిగెత్తుకొచ్చింది. తర్వాత నేను "తిరుపతి..." అని పాత రాగంలో అన్నాను. "చంద్రగిరి, కాశిపెంట్ల, గాదంకి, పూతలపట్టు, చిత్తూరు!" అదే గొంతు, అదే సాగదీత. ఎనిమిది నెలల తర్వాత ఆయన కంఠం విన్నాం. చెప్పాక ఆయనే ఏడ్చేశారు.

కానీ తర్వాత "నాన్నా, పెళ్లి ఏ ఊర్లో?" అంటే "అదే అదే" అన్నారు. చంద్రగిరి అనలేకపోయారు.

ఇంకొకటి చెప్పాలి. ఏప్రిల్‌లో ఒక చోట థెరపీకి తీసుకెళ్లాం. బొమ్మల కార్డులు చూపించారు. బంగాళాదుంప బొమ్మ చూసి నాన్న ఎంతో కష్టపడి "ఉ... ఉర్ల..." అన్నారు. మా ఇంట్లో ఉర్లగడ్డ అనే అంటాం. అక్కడున్న అమ్మాయి వేరే ప్రాంతం మనిషి, తప్పు అని గీత పెట్టేసింది. ఉల్లిపాయ దగ్గర "ఎర్ర" అన్నారు, ఎర్రగడ్డ అనబోయారు. అది కూడా తప్పే అయింది. ఆ రోజు నుంచి కార్డులు చూస్తే ముఖం తిప్పేసుకుంటారు. మేం కూడా మానేశాం.

మాటల టీచరు (చిత్తూరు)
ఆగస్టు 3, రాత్రి 9:55

ఎనిమిది నెలల్లో తనంతట తాను ఎత్తుకున్న మాట అది. దాన్ని తప్పు అన్నందుకు మా వృత్తి తరఫున నేను బాధపడుతున్నాను.

కార్డులు ఇంట్లోనే చేసుకోండి. మీ వంటిల్లు, మీ వీధి, మీ మనుషులు. ఫోన్లో ఫోటోలు తీసి ప్రింటు వేయించి, కింద మీరు వాడే మాటే రాయండి: ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, సంగటి, ఊరిబిండి. స్టాపుల వరుస వచ్చినంత మాత్రాన ఊరి పేరు విడిగా అడిగితే వస్తుందని అనుకోవద్దు, రెండూ వేరు దారులు. అయినా రోజూ చెప్పించండి, తన గొంతు తాను వినడం ఆయనకు ధైర్యం. పాటకు మెదడు కుడి వైపు కూడా సాయం పడుతుందనే ఆలోచనతో 1973లో బోస్టన్ డాక్టర్లు రాగంతో మాట నేర్పే పద్ధతి ఒకటి తయారు చేశారు. "నీళ్లు కావాలి" అన్నదాన్ని స్టాపు పిలిచే రాగంలో, ఆయన ఎడమ చేత్తో మోకాలి మీద తాళం వేయిస్తూ, మీరూ కలిసి అనండి.

మళ్లీ థెరపీకి వెళ్తే ఆ మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ (థెరపిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. తిరుపతిలో కుదరకపోతే వేలూరు సీఎంసీ ఆస్పత్రి దగ్గరే. మైసూరులో మాట, వినికిడి సమస్యలు చూసే ఆయిష్ సంస్థ వాళ్లు వీడియో కాల్‌లో కూడా చేస్తారు.

భవానీనగర్ మాస్టారు
ఆగస్టు 4, ఉదయం 5:30

అమ్మా, నేను రెండో వైపు మనిషిని. నా స్నేహితుడికి ఇదే జబ్బు వచ్చి రెండేళ్లు. మేమిద్దరం ఒకే బడిలో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పాం. మొదట్లో నాలుగుసార్లు వెళ్లాను. తర్వాత మానేశాను. వాడు ఏదో చెప్పాలని చూస్తాడు, రాదు, కళ్లు ఎర్రబడతాయి. నాకు అర్థం కాకపోయినా "సరే సరే, అలాగే" అనేవాణ్ణి. ఒకసారి వాడు నా వైపు చూసిన చూపుతో నేను అబద్ధం ఆడుతున్నానని వాడికి తెలిసిపోయిందని అర్థమైంది. ఆ సిగ్గుతో ఆగిపోయాను. మీ నాన్నగారి స్నేహితులు రాకపోవడానికి ప్రేమ లేకపోవడం కారణం కాదు తల్లీ. ఏం మాట్లాడాలో తెలియక భయపడ్డారు. ఇది వాళ్ల తప్పు కాదని నేను అనను. నాదీ తప్పే. వాడి ఇంటికి వెళ్తే ఏం చేయాలో టీచరు గారు చెబితే ఈ వారమే వెళ్తాను.

మాటల టీచరు (చిత్తూరు)
ఆగస్టు 4, ఉదయం 7:10

మాస్టారూ, తప్పకుండా వెళ్లండి. అర్థం కానప్పుడు అర్థమైనట్టు నటించకండి. "నాకు అందలేదురా, కానీ నీకు తెలుసని నాకు తెలుసు. ఇంకో రకంగా చూద్దాం" అనండి. ఈ ఒక్క మాట చాలా బరువు దించుతుంది. ఒక కాగితం, లావు స్కెచ్ పెన్ను పట్టుకెళ్లండి. "మనవడి గురించా? ఒంటి గురించా? డబ్బు గురించా?" అని మూడు మాటలు పెద్ద అక్షరాలతో రాసి వేలు పెట్టమనండి. ఒక ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మధ్యలో మాట అందించకండి, ఆయన అడిగితేనే అందించండి. టీవీ ఆపేయండి. మాట అక్కరలేని పని కూడా ఉండాలి. మీ ఇద్దరికీ పులిజూదం వచ్చా?

భవానీనగర్ మాస్టారు
ఆగస్టు 4, ఉదయం 7:25

చిన్నప్పుడు గుడి అరుగు మీద గీతలు గీసి ఆడినవాళ్లమే. సాయంత్రం వెళ్తున్నాను.

మదనపల్లె మండీ
ఆగస్టు 4, సాయంత్రం 4:45

నేను. స్ట్రోక్. మూడేళ్లు. ఇప్పుడు నేనే చెప్తా, కొడుకు టైపు.

టమాటా మండీ. కమీషన్. వేలం పాట నాదే. స్ట్రోక్ తర్వాత... అంకెలు. తల్లో నలభై. నోట్లో ఇరవై. రైతు నష్టం. మండీ మానేశా. ఒక ఏడాది ఇల్లే.

ఇప్పుడు మండీ పోతా. రోజూ. పాట కాదు. వేళ్లు చూపిస్తా, పలక మీద రాస్తా. కొడుకు పాడతాడు. రైతులు నన్నే అడుగుతారు. నేను చూస్తే... సరుకు తెలుస్తుంది. అది పోలేదు.

చెల్లీ. నాన్న పెళ్లి పోవాలి. కాదు అన్నాడు కదా. నేను కూడా కాదు అనేవాణ్ణి. కాదు అంటే భయం.

(నాన్న చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. ఇంత చెప్పడానికి గంటం పావు పట్టింది. ఆయన ఒక్క మాట కూడా మార్చనివ్వలేదు.)

పాకాల రైతు
ఆగస్టు 4, సాయంత్రం 6:00

నేను వేసే టమాటా మదనపల్లెకే తోలతాను. అన్నా, మీరు రాసింది చదివాక నేను ముందు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నా. తీసుకెళ్లమ్మా నాన్నను.

కుప్పం అక్క
ఆగస్టు 5, మధ్యాహ్నం 3:30

మా ఇంటాయనది ఇంకో రకం. మాట గడగడా వస్తుంది. కానీ అందులో అర్థం ఉండదు. "బియ్యం గంటకి తలుపు ఏసిన బస్సు" అంటాడు. మనం చెప్పింది కూడా సరిగా అందదు. తను తప్పు మాట్లాడుతున్నానని తనకు తెలియదు, మనకు అర్థం కాలేదని కోప్పడతాడు. ఊర్లో పిచ్చి పట్టిందన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మా బంధువులే భయపడి పిల్లల్ని మా ఇంటికి పంపలేదు. పెళ్లిళ్ల గురించి అడగనే వద్దు. ఇలాంటివాళ్లకు ఏం చేయాలి టీచరమ్మా?

మాటల టీచరు (చిత్తూరు)
ఆగస్టు 5, రాత్రి 9:20

అక్కా, ఇది మెదడులో కొంచెం వెనక భాగం దెబ్బతింటే వచ్చేది. 1874లో వెర్నికె అనే జర్మనీ డాక్టరు వివరించాడు, ఆయన పేరే దీనికి పెట్టారు. పిచ్చి కానే కాదు. కాగితం మీద బంధువులకు ఇదే రాసి చూపించండి.

ఆయనతో పొడుగు వాక్యాలు వద్దు. "అన్నం" అంటూ కంచం చూపించండి. "బయటికి" అంటూ చెప్పులు చూపించండి. ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మారేటప్పుడు చేత్తో ఆపి, కొత్త వస్తువు ముందు పెట్టి అప్పుడు మొదలుపెట్టండి. తప్పు దిద్దుతూ పోరాడకండి. గొంతులో కోపమా, సంతోషమా అన్నది ఆయనకు బాగా తెలుస్తుంది, కాబట్టి మీ ముఖమే సగం మాట.

ఇంకోటి, మీకు కూడా చెప్తున్నా. స్ట్రోక్ తర్వాత మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. మాట లేనివాళ్లలో అది బయటపడదు. తిండి మానడం, నిద్ర పోకపోవడం, అన్నిటికీ "వద్దు" అనడం చూస్తే డాక్టరుకు చెప్పండి, మందులున్నాయి. చూసుకునే ఆడవాళ్లకు కూడా ఇది వస్తుంది. మీరెలా ఉన్నారు?

కుప్పం అక్క
ఆగస్టు 5, రాత్రి 9:50

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగింది మీరే. బాగాలేను. రేపు ఆస్పత్రికి పోతా.

రిటైర్డ్ బ్యాంకు (చిత్తూరు)
ఆగస్టు 7, ఉదయం 10:40

డబ్బు విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. కుడి చెయ్యి పడిపోయి సంతకం మారిపోతే ఖాతా ఆగిపోతుందని చాలామంది టెన్షన్ పడతారు. సంతకం చేయలేనివాళ్ల వేలిముద్ర తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. వేలిముద్ర కూడా కుదరకపోతే కాలి వేలి ముద్ర. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. బ్రాంచిలో తెలియదంటే మేనేజరును అడగండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. అందులో వాక్కు, భాష వైకల్యం ఒకటి, అఫేసియా పేరు అందులో నేరుగా రాసి ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు కాలు, చెయ్యి చూపించి ఊరుకోకుండా మాట సంగతి కూడా రాయించండి.

కండక్టరు గారి అమ్మాయి (తిరుపతి)
ఆగస్టు 14, రాత్రి 10:00

బ్యాంకు సార్‌కు ధన్యవాదాలు. ఇక్కడి జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. మదనపల్లె అన్న రాసింది నాన్నే రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత దిండు కింద నుంచి శుభలేఖ తీసి నా చేతిలో పెట్టారు. "ఆ" అన్నారు. వెళ్తున్నాం.

జేబులో పెట్టుకోవడానికి కార్డు రాశాను: "నాకు స్ట్రోక్ వచ్చింది. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది. చెవులు బాగానే వినిపిస్తాయి. మాట రావడానికి టైం పడుతుంది. దయచేసి కాస్త ఆగండి." సరిగ్గా ఉందా? అమ్మకు ఇంకా ఆ బూతు మాట భయం పోలేదు.

తాతయ్యగుంట వీధి
ఆగస్టు 14, రాత్రి 10:30

అమ్మకు ఇది చెప్పండి. మా ఇల్లు తిరుపతి గంగమ్మ గుడి పక్కనే. ప్రతి మే నెలలో జాతరకు వేషం కట్టినవాళ్లు వీధి వీధీ తిరిగి బూతులు తిడతారు. మొక్కు అది. తిట్టించుకున్నవాళ్లు దండం పెట్టుకుంటారు. మాట ఒకటే అయినా దాని వెనక ఏముందో చూసి తీసుకోవడం ఈ ఊరికి తెలుసు. మీ నాన్న మాట వెనక ఏముందో ముందే నలుగురికి చెప్పి పెట్టండి, చాలు.

మాటల టీచరు (చిత్తూరు)
ఆగస్టు 15, ఉదయం 8:00

కార్డు చాలా బాగుంది. పెళ్లిలో మేళం, మైకు, వంద గొంతులు ఒకేసారి ఉంటాయి. అఫేసియా ఉన్నవాళ్లకు ఆ రొదలో మాట వేరు చేసుకోవడం చాలా కష్టం. మేళానికి దూరంగా, గోడ పక్కన కూర్చోబెట్టండి. ఒక గది ముందే అడిగి పెట్టుకోండి. అందరూ ఒకేసారి పలకరించకుండా ఒకరొకరు రావాలి. అలసిపోతే ఉన్న మాట కూడా పోతుంది, కాబట్టి ఆయన లేద్దామంటే లేవండి. బీపీ మాత్ర మర్చిపోవద్దు. పెళ్లిలోనైనా ఎవరికైనా మూతి వంకర పోవడం, చెయ్యి జారడం, మాట తడబడటం కనిపిస్తే క్షణం ఆగకుండా ఆస్పత్రికి. మెదడులో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ అది మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

కండక్టరు గారి అమ్మాయి (తిరుపతి)
ఆగస్టు 25, రాత్రి 9:15

వెళ్లొచ్చాం.

తమ్ముడి స్నేహితుడు కారు పంపిస్తానన్నాడు. నాన్న "కాదు" అని వేలు ఆర్టీసీ బస్టాండు వైపు చూపించారు. బస్సులోనే వెళ్లాం. కండక్టరు చిన్న అబ్బాయి. కార్డు చదివి, నాన్న పాస్ చూసి, ముందు సీటు ఖాళీ చేయించాడు. బస్సు కదిలాక నాన్నే మెల్లగా స్టాపులు మొదలుపెట్టారు. ఈసారి నేను అందించలేదు.

మేనమామ ముందే అందరికీ చెప్పి పెట్టాడు. మేళం మొదలవగానే నాన్న కళ్లు మూసుకున్నారు, పక్క గదికి తీసుకెళ్లాం. పెళ్లికూతురు ముహూర్తానికి ముందు అక్కడికే వచ్చి, పాత ఆల్బం చూపిస్తూ పది నిమిషాలు కూర్చుంది. ఒక్కో ఫోటో మీద వేలు పెట్టి ఆగింది. ఒక ఫోటో దగ్గర నాన్న "జే... జేజి" అన్నారు. అది నాన్న వాళ్ల అమ్మ ఫోటో, మేం ఆమెను జేజి అనే అంటాం. కొత్త మాట మేడం అది!

అక్షింతలు ఎడమ చేత్తో ఎలా వేస్తారని ఎవరో అన్నారు. పురోహితులు "మనసుతో వేస్తున్నారు, వేయనివ్వండి" అన్నారు. ఒకాయన చెవి దగ్గర గట్టిగా అరిచాడు. అప్పుడు ఆ బూతు మాట వచ్చేసింది. అమ్మ ముఖం పాలిపోయింది. మేనమామ నవ్వుతూ నాన్న భుజం మీద చెయ్యి వేసి "బావకు చెవుడు లేదు, అరవద్దు" అన్నాడు. అంతటితో అయిపోయింది. గంటన్నర ఉన్నాం. తిరిగొచ్చి సాయంత్రం దాకా నిద్రపోయారు.

కువైట్‌లో ఉన్న తమ్ముడు ఇన్నాళ్లూ ఫోన్ చేస్తే నాన్న మాట్లాడలేరని నాతోనే మాట్లాడి పెట్టేసేవాడు. నిన్న వీడియో కాల్ చేయమన్నాను. నాన్న తాంబూలం సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి వాడికి చూపించారు: కొబ్బరికాయ, వక్కాకు, లడ్డు. తమ్ముడు ఏదీ అడగకుండా చూస్తూ ఉన్నాడు. ఇరవై నిమిషాలు.

భవానీనగర్ మాస్టారు
ఆగస్టు 26, ఉదయం 5:40

సంతోషం తల్లీ. నేను నా స్నేహితుడి ఇంటికి ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాను. నాలుగు ఆటల్లో వాడి పులులే గెలిచాయి. మీ ఇల్లు కొర్లగుంటలో ఎక్కడ? నాన్నగారికి అభ్యంతరం లేకపోతే ఆదివారం మేమిద్దరం వస్తాం. కపిలతీర్థం దాకా నలుగురం కలిసి నడుద్దాం.

కండక్టరు గారి అమ్మాయి (తిరుపతి)
ఆగస్టు 26, ఉదయం 7:00

ఇప్పుడే నాన్నను అడిగాను మాస్టారూ. "ఆ" అన్నారు. అడ్రస్ విడిగా మెసేజ్ పెడుతున్నాను. సాయంత్రం ఐదుకు రండి, అప్పటికి ఆయన నిద్ర లేచి ఉంటారు.